ఆరు నెలలు ఊరుకుంటే

ఇక్కడ గల్ఫ్‌లో, గలాలీ అనే ఊళ్లో నేను పనిచేసే ఇంట్లో మేడమ్ కూతురు లా చదువుతోంది. పరీక్షలొస్తే పుస్తకం పట్టుకొని వంటింట్లోకి వచ్చేస్తుంది. ఎదురుగా వినేవాళ్లుంటేనే ఆ పిల్లకు పాఠం బుర్రకెక్కుతుందట. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పరవాలేదట. ఇంటిపనుల్లో ఇదీ ఒకటనుకొని, చేపలు తోముతూ తలాడిస్తుంటాను.

ఆ రోజు వచ్చీరాని హిందీలో ఈ దేశపు రాజుగారి పాఠం చెప్పింది. రెండు సభలూ సరేనన్నాక చట్టం రాజుగారి దగ్గరికి వెళ్తుంది. ఆయన ఆమోదించాలి, లేదంటే మళ్లీ చూడమని తిప్పి పంపాలి.

"ఏమీ చెప్పకుండా ఊరుకుంటే?" అని అడిగాను.

"ఆరు నెలలు తిప్పి పంపకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క."

నా చేతులు ఆగలేదు. పొలుసు గీకుతూనే ఉన్నాను.

మా ఆయన పోయాక, రెండేళ్ల కూతుర్ని చెల్లికి అప్పగించి ఇక్కడికి వచ్చాను. చెల్లికి పిల్లల్లేరు. ఈ ఏడు ఊళ్లో బళ్లు తెరిచే ముందు ఫోన్ చేసి, "అక్కా, పాపని మాకిచ్చెయ్యవా? బళ్లో అమ్మానాన్నలుగా మా పేర్లే రాయించుకుంటాం" అంది. నేను మాట్లాడలేదు. కాసేపాగి, అక్కడ ఎండలెలా ఉన్నాయని అడిగాను. మా ఇంట్లో ఇష్టంలేని మాటకు ఎవరూ ముఖాన కాదనరు, ఊరుకుంటారు. మా నాన్న అంతే, నేనూ అంతే. చెల్లికి అర్థమైందనే అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఇక్కడికొచ్చాక ఏదీ వెంటనే తగలడం లేదు నాకు.

రాజుగారికైతే గడువు ఇంతని రాసిపెట్టారు. చెల్లి నాకెంత గడువు పెట్టుకుందో! ఈసారి నోరు విప్పి వద్దని చెప్పేయాలనుకున్నాను.

శుక్రవారం సెలవు. అద్లియా బజారులో ఒక మూసిన కొట్టు నీడన నిలబడి వీడియో కాల్ చేశాను. రెండు జడలతో, బడి యూనిఫాంలో పాప కనిపించింది. ఎంత పొడుగైందో! పక్కనుంచి చెల్లి "మాట్లాడమ్మా" అంటోంది.

"పెద్దమ్మా, బాగున్నావా?" అంది నా కూతురు.

బాగున్నానన్నాను. చెల్లి ఫోన్ అందుకుంది.

"నువ్వేం కాదన్లేదు గదక్కా. అందుకే అలా పిలవమన్నాం" అంది భయంభయంగా.

ఇప్పుడైనా కాదనొచ్చు. మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో వెనకనుంచి పాప, "అమ్మా, ఆకలేత్తంది" అంది. చెల్లి చటుక్కున అటు తిరిగింది. మళ్లీ నావైపు చూసి, నా మాట కోసం ఆగింది.

"ముందు దానికి అన్నం పెట్టు" అన్నాను.