ఎండెక్కితే ఆగిపోయే కంప్యూటర్

యేసుబాబుకు నిదానం అనే మాట తెలియదు. ఆత్మకూరు బస్టాండు పక్క సందులో వాడిది క్యాసెట్ల రికార్డింగ్ షాపు, దానికెదురుగా నాది రేడియో రిపేరు కొట్టు. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చున్నాం కాబట్టి చెబుతున్నాను, అన్నం తినేటప్పుడు కూడా వాడు నమలగా నేను చూడలేదు. గంట క్యాసెట్‌ను అరగంటలో కాపీ తీసే డబుల్ స్పీడ్ డెక్కు ఈ చుట్టుపక్కల మొదట తెచ్చింది వాడే. పాట కాస్త కీచుమన్నా కలువాయి నుంచి వచ్చిన గిరాకీకి తెలిసేది కాదు. తొందరపడితే నష్టమేమీ లేదని వాడికి నమ్మకం కుదిరింది అక్కడే. నాకు ఆ నమ్మకమంటేనే భయం.

వాళ్ళది ఉదయగిరి దగ్గర పల్లె. తల్లి హన్నమ్మ బైబిలు స్త్రీ, అంటే సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషి. కొండ కింద పల్లెలన్నీ కాలినడకన తిరుగుతూ, తానే కట్టుకున్న పాటలు పాడేది. ఆమెకు చదవడం వచ్చుగానీ రాయడం రాదు, అందుకే ఆ పాటలు కాగితం మీద ఎక్కడా లేవు. ఆమె పోవడానికి ఏడాది ముందు యేసుబాబు టేప్‌రికార్డరు తీసుకెళ్ళి ఎదుట పెట్టి పాడించుకొచ్చాడు. ఆ ఒక్క క్యాసెట్టే మిగిలింది. వాడు బతుకులో చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదేనని నేను నలుగురితో అనేవాణ్ణి.

తొంభై ఏడు చివర్లో షాపులోకి కంప్యూటర్ వచ్చింది. వారం తిరక్కుండానే అది నత్త అని తేల్చేశాడు. యంత్రం లేచే ముందు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది. మదర్‌బోర్డు తన మెమరీని ఎంత వేగంగా అందుకోవాలో, మధ్యలో ఎంత ఊపిరి తీసుకోనివ్వాలో చెప్పే అంకెలు అందులో ఉంటాయి. అమ్మినవాళ్ళు వాటిని నింపాదిగానే పెట్టి ఇచ్చారు. యేసుబాబు ఒక్కొక్కటీ చివరికంటా బిగించేశాడు. విండోస్ మారుమాట లేకుండా లేచింది.

"చూసినావా చెంచన్నా! గుర్రం మాదిరి పోతా ఉండాది," అన్నాడు.

"గుర్రానికైనా ఆయాసం వస్తాది గదరా," అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మరుసటి మే నెలలో వాడి చెల్లెలు సారా ఉదయగిరి నుంచి వచ్చింది. అక్కడే బళ్ళో టీచరు. చేతిలో తల్లి క్యాసెట్టు ఉంది.

"వచ్చే నెల్లో అమ్మ జ్ఞాపకార్థ కూటం పెడతా ఉండాం అన్నా. పల్లెలోళ్ళంతా వస్తారు. అమ్మ గొంతు వినిపించాల. టేపు అరిగిపోతా ఉండాది, ఏదన్నా చేసి భద్రం చెయ్యి," అని క్యాసెట్టు ఇచ్చి వెళ్ళింది.

రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. పైన రేకుల కప్పు. ఆ మిట్టమధ్యాహ్నమే వాడు పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. విన్నాం, బాగానే ఉన్నాయి. డిస్కులో చోటు చాలక వాటిని జిప్ చేశాడు, అంటే పరుపును చుట్టి తాడుతో బిగించినట్టు చిన్నదిగా కట్టిపెట్టాడు. కట్టగానే విడిగా ఉన్న పాటలు చెరిపేశాడు. ఆ మూటను ఒకసారి విప్పి చూద్దామన్న ఆలోచన వాడికి రాలేదు.

ఆ వారమే, పెళ్ళిళ్ళ రద్దీలో, షాపులో ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. వింజమూరాయన ఒకడు ఊరేగింపుకు మేళం పాటలు కావాలని, బస్సు కదిలేలోగా ఇవ్వాలని వచ్చి నిలబడ్డాడు. అసలు ప్రతి భద్రంగా ఉంటే పాత క్యాసెట్టు మీద కొత్త పాట ఎక్కించడం రికార్డింగ్ షాపుల్లో ఉన్న అలవాటే. యేసుబాబు చెయ్యి బల్ల మీదున్న హన్నమ్మ క్యాసెట్టు మీద పడింది. "వద్దురా!" అని నేను సందు దాటి వచ్చేసరికి డెక్కు తిరుగుతూనే ఉంది.

"కంప్యూటర్లో ఉండాది లేన్నా. అది అరిగేదా, తెగేదా?" అని నవ్వాడు.

వాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఏం లాభం, తల్లి వాడిది.

తరవాత వాడికి, విండోస్‌కు బదులు యంత్రాన్ని నడిపే లైనక్స్ పిచ్చి పట్టుకుంది. నెల్లూరులో కొన్న ఇంగ్లీషు పత్రికతో దాని సీడీ ఉచితంగా వచ్చింది. ఎంత పని పెట్టినా మొరాయించదని పేరట. మధ్యాహ్నం పెట్టి చూస్తే, నల్లటి తెర మీద నాలుగు వరుసలు నడిచి, 'సిఆర్‌సి ఎర్రర్, సిస్టమ్ హాల్టెడ్' అని ఆగిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వాడు సీడీని తిట్టాడు. ఇంకో సీడీ తెప్పించాడు, అదీ అంతే. పొద్దున చల్లపూట పెడితే లేచేది, ఎండెక్కితే చచ్చేది.

"యంత్రంలోనే ఏదో ఉండాదేమోరా," అన్నాను.

"విండోస్ లేస్తా ఉండాది గదా!"

రేడియో చెడితే గరగరమని తానే చెప్పుకుంటుంది. లోపల చెడి కూడా పైకి నవ్వుతూ పనిచేసే వస్తువును నేను నమ్మను. చివరికి నేనే పోయి, కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే కృపారాణిని పిలుచుకొచ్చాను.

లైనక్స్ ఆగిపోవడం ఆ అమ్మాయి ఒకసారి చూసింది. నీలం తెర తెరిచింది.

"ఈ అంకెలు ఎవురు మార్చినారన్నా?"

"నేనే. స్పీడుకు."

"మెమరీ ఈ వేగానికి తట్టుకోలా. వేడెక్కితే ఒకటి పెడితే ఇంకోటి ఇస్తా ఉండాది. లైనక్స్ మూట మాదిరి వస్తాది, విప్పుకునేటప్పుడు లెక్క సరిచూసుకుంటాది. తప్పు కనపడితే సిఆర్‌సి ఎర్రర్ అంటాది, అడుగు ముందుకెయ్యదు. విండోస్ లేచేటప్పుడు అట్టా సరిచూసుకోదు."

అంకెలన్నీ వెనక్కి తిప్పింది. అదే ఎండలో, అదే సీడీతో, లైనక్స్ చకచకా లేచి నీ పేరేమిటని అడిగే దాకా వచ్చింది. యేసుబాబు చప్పట్లు కొట్టాడు. కృపారాణి ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"అన్నా, ఇన్నాళ్ళూ దీంట్లో ఏమన్నా జిప్ చేసి దాచినావా?"

వాడి చేతులు అక్కడే ఆగిపోయాయి. తల్లి పాటల మూట విప్పబోయాడు.

మూట తెరుచుకోలేదు. ఎండకు తడబడిన మెమరీ కట్టేటప్పుడే తప్పులు కలిపేసిందట, ఇప్పుడు యంత్రాన్ని బాగుచేసినా ఆ తప్పులు పోవట. కృపారాణి పొద్దుగూకే దాకా తంటాలు పడి మొదటి ముక్క మాత్రం బయటికి లాగింది. హన్నమ్మ గొంతు సవరించుకోవడం వినిపించింది. "తిరగతా ఉండాదా నాయనా? మొదలుపెట్టేదా?" అంది. ఆ వెంటనే రేకు గీసినట్టు కర్ణకఠోరమైన రొద. పాట లేదు.

మర్నాడు పొద్దున పాటలు తీసుకుపోవడానికి సారా వచ్చింది. యేసుబాబు ఆ ముక్కే వినిపించాడు. రొద మొదలుకాగానే ఆ పిల్ల చెవులు మూసుకుంది.

"పోతే పోయిందిలేన్నా, మిషనుదేముండాది. అమ్మ క్యాసెట్టు ఇయ్యి, దాన్నే పెడతాం," అని చెయ్యి చాపింది.

యేసుబాబు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. దాని మీద వేరేది ఎక్కించి వింజమూరు పెళ్ళికి ఇచ్చేశానని వాడే చెప్పుకున్నాడు, మాట మాటకూ ఆగుతూ.

సారా తిట్టలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది.

"అమ్మ మీద ఏం ఎక్కించినావన్నా?" అని అడిగింది.

"పెండ్లి మేళం," అన్నాడు యేసుబాబు.