ఖడ్గపాత్ర అడుగున చుక్కలు

2022 వేసవి. టెక్సాస్‌లో ఓ పెద్ద విమానాశ్రయం. అక్కడ నేను వైల్డ్‌లైఫ్ ఇన్‌స్పెక్టర్‌ని. ప్రయాణికుల సామానులో దొరికే చర్మాలు, దంతాలు, కొమ్ములు ఏ జంతువువో తేల్చడం నా పని. అంతకుముందు కాకినాడ దగ్గర పశువుల డాక్టర్‌ని. "కొమ్ములు చూసి జీతం తీసుకుంటావుటే!" అని మా అక్క ఇప్పటికీ వేళాకోళం ఆడుతుంది.

ఆ ఉదయం తనిఖీ గదిలోకి వెళ్లేసరికి బల్ల మీద అరచేతిలో ఇమిడే నల్ల గిన్నె, పక్కన పసుపు పట్టు గుడ్డ, ఎదురుగా ముప్పై అయిదేళ్ల మనిషి. పేరు ఫణి. ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, హెచ్-1బి వీసా. భార్యా నాలుగేళ్ల పాపా బయట ఎదురుచూస్తున్నారు. డిక్లరేషన్ ఫారంలో తన చేత్తోనే రాశాడు: ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పాత్ర, పూజకోసం.

"ఎవరు రాయమన్నారయ్యా ఇలా?" తెలుగులోనే అడిగేశాను.

అతని ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య, మనవాళ్లేనా మేడమ్! అబద్ధం ఎందుకు రాయాలండీ? ఇది మా ఖడ్గపాత్ర. మా ముత్తాతగారి నుంచీ పితృతర్పణాలన్నీ దీంతోనే. ఇప్పుడు పెదనాన్నగారు నాకిచ్చారు. సేక్రెడ్ అని కూడా రాశాను చూడండి."

ఖర్మ! పర్మిట్ లేకుండా ఖడ్గమృగం కొమ్ము తేవడం ఇక్కడ నేరం. కేసు పడితే వీసా సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆ మాట చెప్పాక అతను ఫారం వైపు చెయ్యి చాపాడు.

"పోనీ కాదని రాసిస్తే?"

"నువ్వేం రాసినా ఒకటేనయ్యా. కొమ్మేం చెప్తుందో అదే లెక్క."

మా ఇద్దరిదీ ఒకే భాష అని సూపర్‌వైజర్ డెబ్రాకి, పరీక్ష మొదలెట్టకముందే చెప్పేశాను. "మాట్లాడు, ఫరవాలేదు. నువ్వు చూశాక నేనూ చూస్తాను," అంది.

రెండు మూడు వందల ఏళ్ల కిందట ఓడల్లో యూరప్‌కి తెచ్చిన ఖడ్గమృగం చచ్చిపోతే, అక్కడి డాక్టర్లు కోసి పరిశీలించేవారు. ఆవు కొమ్ములోలాగే ఇందులోనూ ఎముక ఉంటుందనుకోవడం సహజమే. రంపంతో కోస్తే ఎముక లేదు. అడ్డంగా తెగిన చోట భూతద్దం పెడితే చుక్కలే చుక్కలు, చీపురు మొదలు తెగ్గోస్తే కనబడే పుల్లల చివరల్లాగా. వెంట్రుకలు అతుక్కుని కొమ్మయిందన్నారు. అచ్చంగా వెంట్రుకలు కావని తర్వాత తేలింది గానీ, చుక్కల మాట మాత్రం నిలబడింది. ఇవాళ నేనూ ముందు వెతికేది వాటినే.

భూతద్దం గిన్నె పక్కల మీద పెట్టాను. సన్నటి నిలువు గీతలు కనిపించాయి. నిలువుగా చూస్తే ఖడ్గమృగం కొమ్మూ ఇలాగే ఉంటుంది. పైగా మనిషి తనంతట తానే ఒప్పుకున్నాడు. పెన్ను తీసి జంతువు పేరు రాసే గడి మీద పెట్టాను కూడా. గేదె కొమ్ములోనూ గీతలుంటాయని పశువుల డాక్టర్‌నైన నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణాన తోచలేదు, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెయ్యి ఆగింది అడుగు చూడలేదని గుర్తొచ్చి. కొమ్ము అడ్డంగా తెగేది అక్కడే. తిరగేస్తే ఏముంది, నువ్వులూ నీళ్లూ నెయ్యీ పేరుకుని తారులా గట్టిపడిన నలుపు. స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దాను. ఒక ఉండ, రెండు, అయిదు. అన్నీ గోధుమరంగుకి తిరిగాయి.

"చిన్న పాపండీ నాకు," అన్నాడు ఫణి వెనకనుంచి. నేను ఆరో ఉండ తీశాను.

ఏడో ఉండకి రూపాయి బిళ్లంత చోటు తేటపడింది. భూతద్దం పెట్టాను. చుక్కలు లేవు. మళ్లీ చూశాను. ఉల్లిపాయ కోసినట్టు పొరలు, అంతే. భూతద్దం డెబ్రా చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "గేదె," అంది.

ఫణి కూలబడి ఏడ్చేశాడు. చిన్న ముక్క గీకి డీఎన్ఏ పరీక్షకి పంపి, గిన్నె మా దగ్గరే ఉంచుకుని, అతన్ని పంపేశాం. కొన్ని వారాలకి ల్యాబ్ కూడా గేదె కొమ్మేనని తేల్చింది.

గిన్నె తీసుకోవడానికి వచ్చినరోజు సంతకం పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"మేడమ్, మరి మా తాతగారు, ముత్తాతగారు... దీంతో వదిలిన నీళ్లన్నీ చేరాయంటారా?"

"అది నా డిపార్ట్‌మెంట్ కాదు బాబూ," అనేశాను. నోరు జారడం నాకు పుట్టుకతో వచ్చింది. అతని ముఖం చూసి నొచ్చుకున్నాను. గిన్నె తిరగేసి, నేను రుద్దగా తేటపడ్డ చోటు చూపించాను.

"ఏడు ఉండల దూది పట్టిందయ్యా, ఇంత మేర కనపడ్డానికి. అంత నలుపు ఊరికే పడుతుందా?"

ఆ చోటుని బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. గిన్నెని అదే పట్టు గుడ్డలో, అంతే జాగ్రత్తగా చుట్టుకుని వెళ్లాడు.

తనకి నష్టం తెచ్చే మాట ఎవరైనా చెప్తే మనం చటుక్కున నమ్మేస్తాం. ఫణి అబద్ధం ఆడలేదు, అయినా అతను చెప్పింది నిజం కాదు. ఆ మాట నమ్మి నేను ఒక్క గడి నింపేసి ఉంటే ఆ పాప తండ్రి మీద కేసు పడేది. ఆ రోజు నుంచీ ఎవరేం చెప్పినా, అడుగు తుడిచి చూశాకే పెన్ను తీస్తున్నాను.