ఆసులు దాచొద్దన్న కాకా

మా కాకా పోయాడని చెప్పినవాణ్ణి నేను కొట్టాను. చెప్పింది మా క్యాంపు బస్సు నడిపే పాకిస్తానీ డ్రైవరు. పాపం, చీమకు కూడా హాని చేసే రకం కాదు. నేను ఏసీ బాగుచేసి నిచ్చెన దిగుతుంటే ఎదురొచ్చి, "భాయ్, తుమ్హారా కాకా ఊపర్ సే గిర్ గయా. ఖతమ్ హో గయా" అన్నాడు, పైనుంచి పడ్డాడని. చెంప మీద ఒక్కటిచ్చాను. అతను తిరిగి కొట్టలేదు, నన్ను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. మాటకంటే ముందు చెయ్యి లేవడం నాకు కాకా దగ్గరే అంటుకున్న జబ్బు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇద్దరిదీ జగిత్యాల వైపు, అంతే. సౌదీలో ధహ్రాన్ పక్కన మా లేబర్ క్యాంపులో ఒకే గది. ఆయన స్కాఫోల్డింగ్ కట్టేవాడు, అంటే అందరికంటే ముందు పైకెక్కి పైపులు బిగించి, మిగతావాళ్లు నిలబడే చోటు తయారుచేసేవాడు. గదిలో పెద్దాయన కాబట్టి అందరికీ కాకానే. నోరు తెరిస్తే తిట్టు, చెయ్యి ఎత్తితే దెబ్బ. చెప్పులు బయట విడవకపోతే ఆ చెప్పుతోనే కొట్టేవాడు. అన్నం పారేసినందుకు నన్ను గల్లా పట్టుకుని చెత్తడబ్బా దాకా ఈడ్చుకెళ్లి, "తీసి తిను" అన్నాడోసారి. తిన్నాను. తినకపోతే ఇంకా కొట్టేవాడు.

పోకర్ ఆట మాకు నేర్పింది ఆయనే. ఇంతకుముందు కంపెనీలో ఫిలిప్పీనోల దగ్గర నేర్చుకున్నాడట. తలా రెండు ముక్కలు చేతికిస్తారు. తర్వాత నడుమ అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు, ముందు మూడు, ఆపై ఒక్కొక్కటి. చేతిలోవీ నడుమవీ కలిపి ఎవరి జతలు పెద్దవైతే వాళ్లదే గెలుపు. ఎప్పుడైనా, ఎంతైనా పెట్టొచ్చు, ఉన్నదంతా ఒక్క దెబ్బకు తోసెయ్యొచ్చు. మేం పెట్టేది శనగలు. "పైసలు పెడితె పోలీసోడు అస్తడు, శనగలు పెడితె ఆకలైతది, గంతే" అనేవాడు. శనగలన్నీ పోగొట్టుకున్నవాడు వారమంతా గదికి వంట చెయ్యాలి.

మేమంతా ఊళ్లో మూడుముక్కలాట ఆడి పెరిగినవాళ్లం. మా తప్పంతా అక్కడే ఉంది. ఆ ఆటలో చేతిలో పడ్డ ముక్కలే ఆఖరు, ఇక మారవు. అందుకే పెద్ద ముక్కలొస్తే మొహం చచ్చినట్టు పెట్టుకుని, కొంచెం కొంచెం వేస్తూ, అందర్నీ లోపలికి లాగి చివర్లో కోస్తాం. పోకర్‌లోనూ అదే చేశాం. రెండు ఆసులొస్తే ఒక్క శనగ వేసి గుంభనంగా కూర్చునేవాళ్లం. కాకాకు ఒళ్లు మండేది.

"గాడిది కొడుకా, ఇంకా ఐదు ముక్కలు పడేటియున్నయి ర నడుమ. నీ ఆసులు ఇప్పుడే పెద్దయి. అగ్గువకు చూడనిస్తివంటే ఐదుగురు ఎంటవడుతరు, అండ్ల ఎవనికో ఒకనికి తగుల్తది. మొదలే గట్టిగ కొట్టు. నలుగురు పారిపోవాలె, ఒక్కడే మిగలాలె. ఒక్కనితోని కొట్లాడు, గెలుస్తవ్."

చెప్పడం అయ్యాక నెత్తి మీద ఒక్కటి పడేది. పాఠం గుర్తుండటానికట.

మా గదిలో సిరిసిల్ల వైపు వెల్డర్ ఒకడున్నాడు. మంచి పనిమంతుడు, మాట పడడు. ఆ వారం వాడి లీవు రద్దయింది. శుక్రవారం మధ్యాహ్నం ఆటకు కూర్చున్నప్పుడే కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు ఆసులొచ్చాయి వాడికి. పాత అలవాటు, ఒక్క శనగే వేశాడు. ఐదుగురం వెంటపడ్డాం. కాకా చేతిలో ఏడూ నాలుగూ, ఎవడైనా విసిరికొట్టే ముక్కలు. నడుమ ఒక ఏడు పడింది, ఒక నాలుగు పడింది. అప్పుడు వెల్డర్ తనకున్నవన్నీ తోశాడు. ఆసులదైనా సరే, ఒక్క జతకంటే రెండు జతలే పెద్ద. కాకా తనవీ తోసి, రెండు జతలు చూపించి ఎత్తుకున్నాడు.

ఎత్తుకుని ఊరుకుంటే కాకా ఎందుకవుతాడు. "ఆసులను ముసుగేసి కూసోబెడితివి కదర, ఏడు నాలుగు అచ్చి ఎత్కపాయె" అని పడీపడీ నవ్వాడు. మేమూ నవ్వాం. వెల్డర్ స్టూలు ఎత్తి ఆయన భుజం మీద వేశాడు. కాకా లేచి వాడి మూతి మీద గుద్దాడు, పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఉల్లిగడ్డలు కోసే కత్తి అక్కడే ఉంది. వెల్డర్ దాన్ని అందుకుని నేరుగా కడుపు మీదికి వచ్చాడు. కాకా అరచేత్తో పట్టుకున్నది కత్తి పిడిని కాదు, అంచును. వాడు లాగాడు. కాకా వదల్లేదు. వాడు మళ్లీ లాగాడు. చాప మీది శనగలన్నీ నెత్తుట్లో తడిసిపోయాయి. మేం నలుగురం మీద పడితే గానీ వెల్డర్ వేళ్లు వీడలేదు. వంటకోసం కత్తి దూస్తారా అని మీరనొచ్చు. మండే ఎండలో వారమంతా పనిచేసి, ఇంటికి పోలేనని తెలిసిన రోజున ఒక నవ్వుకు మనిషి ఏమైనా చేస్తాడు.

కత్తిపోటని తెలిస్తే పోలీసు, జైలు, ఆ తర్వాత దేశం బయటికి గెంటడం. కాకా చేతికి తువ్వాలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. కంపెనీ కాగితాలు చూసే మందూబ్ ఆసుపత్రికి వచ్చి, "కిస్‌నే మారా?" అని అడిగాడు. కాకా ఒక్క పేరు చెబితే చాలు. "కోయీ నై. టమాటర్ కాట్ రహా థా" అన్నాడాయన, టమాటలు కోస్తుంటే తెగిందట. మందూబ్ నమ్మలేదు. ఎన్నిసార్లు అడిగినా ఆ టమాటలే.

గదికొచ్చాక నేనే గొడవపెట్టుకున్నాను. "పెద్ద ముక్కలు చేతుల పడితె కొట్టుమంటవ్. నువ్వెందుకు కొట్టలే?"

"కొడితె గెలుస్తుంటి. వాడు జైలుకు, వాని పెండ్లాంపిల్లలు బజారుకు. గసొంటి గెలుపు పాడుగాను. పెద్ద ముక్కలు పారేసుడు సుత రావాలె ర ఆటగానికి" అన్నాడు. అనేసి, కట్టులేని ఎడం చేత్తో వెల్డర్ చెంప పగలగొట్టాడు. "గిది కాకాను పొడిసినందుకు కాదు. ఆసులు దాసినందుకు" అన్నాడు. వెల్డర్ ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాడు, ఆయన కాలితో తోసి టీ పెట్టమన్నాడు. నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో అంత మంట కూడా పుట్టింది.

గాయం మానింది గానీ కుడిచేతి రెండు వేళ్లు మడత పడలేదు. స్కాఫోల్డింగ్ మనిషికి పట్టే ప్రాణం. సేఫ్టీ వాళ్లకు తెలియకుండా గ్లౌజు తొడుక్కుని ఎక్కేవాడు. పైపు పట్టుకోలేక పళ్లు కొరుకుతుంటే కింద నుంచి నేను చూసేవాణ్ణి. చెప్పెయ్ కాకా, కింద పనిస్తారు అన్నాను. "కింద పని కాదు, ఖురూజ్ ఇస్తరు" అన్నాడు. ఖురూజ్ అంటే ఇక ఇంటికి పొమ్మని వేసే ముద్ర. ఇంకొక్క కాంట్రాక్టు అయ్యాక తనే పోతానన్నాడు. నాకు తిక్క రేగింది. "మాకు దాయొద్దని చెప్తివి. నువ్వు దాస్తున్నవ్. ఇంకా ముక్కలు పడేటియున్నయి కాకా" అన్నాను. టీ కప్పు నా మొహం పక్కనుంచి పోయి గోడకు తగిలి పగిలింది. మొండి మనిషి. ఆ మొండితనమే ఆయన్ను చంపిందని నేను ఈరోజుకీ అంటాను.

కాకా పడ్డ రోజున ఆయనతో పాటు పైనున్న మనిషి చెప్పాడు, కుడిచెయ్యి జారిందని.

గదికొచ్చి వెల్డర్ గొంతు పట్టి అల్మారాకు అదిమాను. వాడు నా చెయ్యి తొలగించుకోలేదు. "సంపు" అన్నాడు. చంపేవాణ్ణేమో. వాడి కళ్లు చూసి వదిలేశాను. శవపేటికతో ఒక మనిషిని పంపుతామంది కంపెనీ. నేను పోతానన్నాను. వెల్డర్ మందూబ్ కాళ్లా వేళ్లా పడి తన పేరు రాయించుకున్నాడు.

"చిన్నమ్మకు ఏం చెప్తవ్?" అని అడిగాను. కాకా భార్య నాకు చిన్నమ్మ వరస. ఆమెకు కూడా కాకా టమాటల కథే చెప్పాడు.

"జరిగింది చెప్త."

"సంపుతరు నిన్ను."

"సంపనియ్యి."

ఊళ్లో జరిగిన అంత్యక్రియలు గదిలో అందరం ఒక్క ఫోనులో చూశాం, కాకా అన్న కొడుకు వీడియో కాల్ చేసి చూపించాడు. పాడె కట్టడం అయిపోయింది. వెల్డర్ అందరి ముందు నిలబడి కత్తి సంగతీ, చెయ్యి సంగతీ చెప్పాడు. కాకా తమ్ముళ్లు మీద పడ్డారు. కింద పడేసి తన్నారు, చొక్కా చిరిగింది. చిన్నమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పాడెకు మిగిలిన వెదురు బొంగుముక్క అందుకుని వాడి వీపు మీద విరిగేదాకా కొట్టింది. విరిగిన ముక్క పారేసి ఆయాసపడుతూ నిలబడింది.

"మా ఆయన ఇడ్సిపెట్టిండు గదా నిన్ను. నేనెట్ల పట్టుకుంట? లే. ముంగటి బొంగు పట్టు."

వాడు లేవలేకపోతే రెక్క పట్టి ఆమే లేపింది. పాడె లేచింది. ముందు వరసలో వెల్డర్, చిరిగిన చొక్కాలోంచి బయటపడ్డ భుజం మీద పచ్చి బొంగు, చెంప మీద నెత్తురు. వెనకనుంచి ఎవరో చల్లిన పేలాలు వాడి నెత్తిన పడుతున్నాయి, దులుపుకోకుండా నడుస్తున్నాడు.