వదులుగా కట్టిన సంచి

నూట యాభై కిలోమీటర్లు సైకిలు తొక్కి ధర్మవరం దగ్గర జరిగిన గ్రావెల్ రేసుకు వెళ్ళానని మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను. హిందూపురం నుంచి ధర్మవరానికి అంత దూరం లేదని తెలిసినవాళ్ళు కూడా నా వయసు చూసి ఊరుకున్నారు. నిజానికి దూరం ఎనభై చిల్లర కిలోమీటర్లు ఉంటుంది. దారి తప్పాం కాబట్టి తొంభై అనుకోండి. దారి తప్పించింది కూడా నేనే.

గ్రావెల్ రేసంటే తారు లేని కంకర దారుల్లో సైకిళ్ళ పోటీ. అరవై దాటినవాళ్ళకు వేరే పోటీ ఉందని తెలిసి నేనూ, నా స్నేహితుడూ పేర్లిచ్చాం. అతను ముప్పై ఏళ్ళు సైకిలు షాపు నడిపిన సాయిబు. నేను పట్టుగూళ్ళ మార్కెట్లో తూకం వేసి రిటైరైనవాణ్ణి. బస్సులో పోదామని అతనన్నాడు. సామాను సైకిళ్ళకే కట్టుకుని ముందు రోజు తొక్కుకుంటూ పోదామని పట్టుబట్టింది నేను.

అతనికి షుగర్. పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాక వేళకు తినకపోతే చెమటలు పట్టి పడిపోతాడు. ఒకసారి షాపులోనే పడిపోయాడు. అందుకే బయలుదేరేటప్పుడు వాళ్ళావిడ చపాతీల డబ్బా, అరటిపళ్ళు, గ్లూకోజు పొట్లం తెచ్చి నా చేతికిచ్చింది.

"పదికంతా తినిపించన్నా. ఈయన నోరు తెరిచి అడగడు," అంది.

పంపు, ట్యూబులు, పానాలు అతని సైకిలు మీద. తిండి నా సైకిలు మీద. నేను సంచి కడుతుంటే అతను రబ్బరు బెల్టు అందించాడు.

"బిగిచ్చి కట్టప్పా, గుంతల దావ."

"ముప్పై ఏండ్లు సంచుల మధ్యన బతికినోనికి నేర్పుతాండావా?"

సంచుల మధ్య బతికిన మాట నిజం. ఒక్కటైనా కట్టిన మాట మాత్రం లేదు. గూళ్ళు తెచ్చే రైతులు సంచిని బిగించరు. బిగిస్తే గూళ్ళు నలుగుతాయి, లోపల ఉక్కపోసి చెడతాయి. గాలి ఆడేలా మూతిని ఒక మెలిక తిప్పి వదిలేస్తారు. రోజూ చూసింది అదే కాబట్టి నేనూ అలాగే కట్టాను. సంచిని క్యారియరుకు తగిలించానంతే, బెల్టు వాడలేదు.

సోమందేపల్లిలో టీ కొట్టు దగ్గర ఒకాయన మా సైకిళ్ళ చుట్టూ తిరిగి, "యాడ నుంచి వస్తాండారప్పా?" అనడిగాడు.

"కన్యాకుమారి," అన్నాను. "పదకొండు దినాలైంది."

మా సాయిబు గ్లాసులోంచి తల ఎత్తకుండా, "రెండు గంటలైంది. ఈయనకు అట్ల అనిపిస్తాంది," అన్నాడు.

పెనుకొండ దాటాక అతన్ని తారు రోడ్డు దింపి గుట్టల పక్క మట్టి దారి పట్టించాను. రేపటి రేసుకు కాళ్ళు అలవాటు కావాలన్నాను. ఈ దారి నాకు కొట్టిన పిండి అన్నాను. వెనకెప్పుడో ఒకసారి పెళ్ళికి ఆ దారిన ఎద్దులబండిలో పోయాను, అదీ నిద్రపోతూ.

రాళ్ళ దిన్నె దిగాక సైకిలు తేలికైనట్టనిపించి వెనక్కి చెయ్యి పెట్టాను. సంచి ఒరిగి, మూతి విచ్చుకుని ఉంది. లోపల నా లుంగీ, తువ్వాలు తప్ప ఏమీ లేవు.

తినబోయి విప్పినప్పుడే సంగతి తెలిసిందని ఊళ్ళో చెప్పాను. అది అబద్ధం. ముందే చూశాను. చూసీ నోరు మెదపలేదు. ఆ బెల్టు మాట అతను ఎత్తుతాడని నా భయం. ముందు ఏదో ఒక ఊళ్ళో అంగడి తగలకపోదనుకున్నాను.

"టైమెంతప్పా? తిందామా?" అన్నాడు.

"ఆ గుట్ట దాటితే నీడుండాది. ఆడ తిందాం."

గుట్ట దాటాం. నీడ లేదు, ఊరూ లేదు. ఇంకొంచెం అన్నాను. మళ్ళీ ఇంకొంచెం అన్నాను. ఆ తర్వాత అతను అడగలేదు. సైకిలు దిగి నడిపించడం మొదలుపెట్టాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. ఉన్నట్టుండి ఆగి, "ఈ చక్రం సాయంత్రానికిస్తా, పోయి రాపో," అన్నాడు. నన్ను చూసి కాదు, షాపులో గిరాకీతో అన్నట్టు, ఎదురుగా ఎవరూ లేని చోటు చూసి. ఆ మాటతోనే కంకర మీద కూలబడ్డాడు.

నేను పరిగెత్తాను. నిజం చెప్పాలంటే పరిగెత్తడం నాకు చేతకాదు, తడబడుతూ నడిచాను. మలుపు అవతల ఉపాధి పనికి వచ్చిన ఆడవాళ్ళు కాలువ పూడిక తీస్తున్నారు. ఒకావిడ పార కింద పడేసి టీ సీసాతో వచ్చింది. అతని తల తన మోకాలికి ఆనించుకుని, మూతలో పోసి గుక్క గుక్కగా తాగించింది.

"చక్కెర ఎక్కువేసినానని మా ఇంటాయన పొద్దున తిట్టినాడు. మంచిదైంది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "తోడొచ్చినోనివి, తిండి తేవద్దా?"

"తెచ్చినాను తల్లీ. పడిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే," అన్నాను.

కాసేపటికి అతను తెలివిలోకి వచ్చి నన్ను గుర్తుపట్టాడు. ఇందాక తొంభై అన్నాను కదా, అందులో చివరి పాతిక కిలోమీటర్లు మమ్మల్నీ సైకిళ్ళనీ లగేజీ ఆటో మోసింది.

సాయంత్రం ధర్మవరం లాడ్జిలో ఉండగా వాళ్ళావిడ ఫోను చేసింది. "వేళకే తిన్నా. ఈయన దగ్గరుండి తినిపిచ్చినాడు," అన్నాడు. పంక్చరు ఒకటుంటే రెండని ఎన్నడూ చెప్పని మనిషి నా కోసం అబద్ధమాడాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున రేసు మైదానంలో ఇడ్లీలు పెట్టారు. అతను ప్లేటు పక్కన పెట్టుకుని చొక్కాకు నంబరు గుచ్చుకుంటున్నాడు. అప్పుడు చెప్పాను, సంచి ఖాళీ అయిందని నాకు ముందే తెలుసని.

పిన్నీసు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఎంతసేపు ముందు?"

"పావుగంట."

"పావుగంటేనా?"

"అరగంట." అతను నన్నే చూస్తున్నాడు. "ముప్పావుగంట అప్పా. నువ్వు మొదటిసారి అడిగేటప్పటికే తెలుసు."

అవతల మైకులో మా వయసు వాళ్ళను గీత దగ్గరికి రమ్మని పిలిచారు. అతను కదల్లేదు. జేబులోంచి ఫోను తీసి, ఇంటి నంబరు నొక్కి నా చేతికిచ్చాడు.

"ఆమెకు నేను అబద్ధం చెప్పినా. నిజం నువ్వు చెప్పు."

చెప్పాను. సంచి, బెల్టు, గుట్ట, ముప్పావుగంట, ఏదీ తగ్గించలేదు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అంతా విని, "ఇప్పుడు తిన్నాడా?" అని మాత్రం అడిగింది.

తిన్నాడు అనే మాట నోటిదాకా వచ్చింది. పక్కకు తిరిగి చూశాను. ప్లేటులో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"లేదు చెల్లెమ్మా, ఇంకా తినలేదు," అన్నాను.

"ఫోను ఆయనకియ్యి," అంది.