ఠ అక్షరానికి అర పేజీ

మా ఇంట్లో నిఘంటువు ఉండేదంటే మాదేదో చదువుకున్నవాళ్ల ఇల్లు అనుకునేరు. మా బాపు తాడెక్కి కల్లు గీసే మనిషి. నేను ఐదో తరగతిలో ఫస్టు వచ్చానని సంబరపడి, సిద్దిపేటలో పుస్తకాల దుకాణానికి పోయి, "అన్నిట్ల పెద్ద బుక్కు ఏదుంటె గది ఇయ్యి" అని అడిగాడట. దుకాణమాయన ఇచ్చింది నిఘంటువు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని నంగునూరు దాకా వచ్చి, అక్కణ్నుంచి మా ఊరికి నడిచొచ్చాడు.

అంత బరువైన పుస్తకం ఊరికే పడుంటే మా అమ్మ, మేం పిలిచేది అవ్వ అని, ఊరుకుంటుందా? మామిడికాయ తొక్కు జాడీ మీద బరువుకు పెట్టేది. బడికి కట్టుకునే నా రిబ్బన్లు దాని కిందే చదునయ్యేవి. నేను మాత్రం అన్నం తిన్నాక ఎక్కడో ఒకచోట తెరిచి తిట్లు వెతికేదాన్ని. తమ్ముణ్ని "ఓరి జడుడా" అంటే, అర్థం కాక వాడు రెండింతలు ఏడ్చేవాడు.

ఆ పుస్తకానికి ఊళ్లో పరపతి వచ్చింది తొట్టెల వల్ల. మా వైపు బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి పేరు పెడతారు. అయ్యగారు నక్షత్రం చూసి అక్షరం ఒక్కటే చెప్పి పోతారు. పేరు వెతుక్కోవడం ఇంటివాళ్ల పని. అంతకుముందు తాతల పేర్లో దేవుళ్ల పేర్లో పెట్టేవాళ్లు. మా ఇంట్లో పెద్ద బుక్కుందని తెలిశాక అందరూ మా గడపకే వచ్చారు. ఏడో తరగతికి వచ్చేసరికి నేను ఆరుగురికి పేర్లు చూసిపెట్టాను. నాకు కండ్లు నెత్తికెక్కాయని అవ్వ అనేది, నిజమే.

ఒక సాయంత్రం మా వాడకట్టు ముసలమ్మ ఒకామె వచ్చింది. ఆమె మనుమరాలు నెలలు నిండకుండానే పుట్టి, సిద్దిపేట దవాఖానలో చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉండి, అప్పుడే ఇల్లు చేరింది.

"బిడ్డా, నీ బుక్కు తియ్యి. రేపే తొట్టెల. అయ్యగారు ఠ అన్నడు. పిల్ల దక్కుతదో లేదో అన్నరు, జర గట్టి పేరు చూడు."

తీశాను. ఠ అక్షరానికి ఉన్నదే అర పేజీ. ఠాణా ఉంది, ఠావు ఉంది, ఠికాణా ఉంది. ఠీవి బాగుందని చెప్పాను. "గుప్పెడంత లేదు పొల్ల, దానికి ఠీవేందే, నవ్వుతరు" అంది. బుక్కులో లేదని చెప్పి ఆమెను పంపించొచ్చు. కానీ నాకు ఓడిపోవడమంటే చచ్చే చావు. ఠ తర్వాత చెవికి ఇంపుగా ఉండే రెండక్షరాలు అతికించి ఒక పేరు చెప్పేశాను.

"అంటే ఏంది?"

"కింద పడ్డా మళ్ల లేసేది."

ఆ అర్థం నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ముసలమ్మ కళ్లు నిండాయి. "బుక్కుల ఉన్నదా?" అంది. ఉందన్నాను. "ఏడ?" అంది. ఆ పేజీలో నేను వేలు పెట్టి చూపించింది ఠక్కు అన్న మాటను. దానర్థం మోసం. చదువురాని ఆ తల్లి దాన్ని తాకి కళ్లకద్దుకుంది.

ఆ పేరు ఇక్కడ రాయను. లోకంలో అది ఒక్కరికే ఉంది, రాస్తే మనిషి దొరికిపోతుంది.

ఇప్పుడు నేను సిద్దిపేటలోనే లెక్కల టీచర్‌ని. బాపు కొన్న పుస్తకం నా దగ్గరే ఉంది. అట్ట ఊడితే రెండుసార్లు కుట్టించాను. మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం ఒకమ్మాయి వచ్చి, ఊరి పేరూ తన పేరూ చెప్పింది. ఆ పేరు వినగానే ఎవరో తెలిసిపోయింది.

హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోందట. పరుగు పరీక్షలో రెండోసారీ తప్పిందట. మంచినీళ్లు కూడా ముట్టకుండా చెప్పుకొచ్చింది.

"పదోతరగతిల లెక్కలు పోయినప్పుడు, నిరుడు గ్రౌండ్ల కిందవడ్డప్పుడు మా నాయనమ్మ ఒక్కటే మాట అన్నది, నీ పేరు బుక్కుల ఉన్నదే, లే అని. ఆమె పోయింది అక్కా. ఈసారి నాకు లేవబుద్ధి అయితలేదు. ఫోన్ల ఎంత దేవులాడినా నా పేరు దొరకలే. ఒక్కసారి నీ బుక్కుల కండ్లతోని చూసి పోత."

ఆ పేజీ చినిగిపోయిందని చెబుదామనుకున్నాను. నాలిక దాకా వచ్చింది. వెతుక్కుంటూ వచ్చిన పిల్లకు, పన్నెండేళ్ల వయసులో ఆడిన అబద్ధానికి తోడు ముప్పై అయిదేళ్ల వయసులో ఇంకో అబద్ధం కూడా చెప్పాలా అని సిగ్గేసింది. పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఠ తానే తీసింది. వేలు పై నుంచి కిందికి పోయింది, మళ్లీ పైకొచ్చింది. "ఇందుల లేదు" అంది.

అప్పుడు అంతా చెప్పాను. అద్దాల పెట్టె సంగతి, నా పొగరు, ఠక్కు మీద పెట్టిన వేలు. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. నవ్వుతుందేమో, కొడుతుందేమో అనుకున్నాను, రెండూ చేయలేదు. ఆ అర పేజీని మళ్లీ మొదటి నుంచి చదివింది.

"అంటే గీ మాట ఏడ లేదు."

"లేదు, చెల్లె."

"దానికి అర్థం కూడ లేదు."

"నేను కల్పించిందే."

పుస్తకం మూసి నా వైపు చూసింది.

"మరి ఇన్నిసార్లు లేసింది నేనేనా, అక్కా?"