సంచిలో తాళం

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె సంచిలోంచి విరిగిన తాళం ఒకటి తీసి ఒడిలో పెట్టుకుంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి తనే చెప్పింది.

"మా ఫ్యాక్టరీ బీగమప్పా ఇది. నేనే పగలగొట్టినాను."

మూకండపల్లిలోని ఆ ఫ్యాక్టరీలో, నీళ్లను పొగమంచులా చిమ్మి మంటలార్పే మిషన్ ఒకటి ఉందట. ఆయుధపూజకు దానికి బొట్లు పెట్టి, ఎవరైనా ముట్టుకుంటే పాడవుతుందని గదిలో పెట్టి తాళం వేశారట. మొన్న నూనె తొట్టి అంటుకుంటే అందరూ బకెట్లు పట్టుకుని పరిగెత్తారట.

"నూనె మంటమీద బకెట్‌తో నీళ్లు పోస్తే ఎగిసి మనమీదికే వస్తుంది. వద్దని అరిచినాను. సుత్తితో బీగం కొట్టి మిషన్ తెచ్చినాను. మంచు మాదిరి కమ్ముకునిందప్పా, మంట ఆడనే అణిగిపోయింది."

తాళం పగలగొట్టినందుకు ఇప్పుడు క్షమాపణ రాసిమ్మంటున్నారు. లేకుంటే పనిలోకి రావద్దన్నారు. ఆమె కృష్ణగిరి లేబర్ ఆఫీసుకు పోతోంది.

"ఒక్క కాగితమే కదమ్మా, రాసిచ్చేయరాదా?" అన్నాను.

ఆమె తాళం తీసి నా అరచేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"రాసిస్తానప్పా. మళ్లా మంటొస్తే మళ్లా పగలగొడతానని రాసిస్తా."

బస్టాండులో తాళం తీసుకుని దిగిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. మా ఆఫీసులోనూ మంటలార్పే సిలిండర్లను ఎవరో ఎత్తుకుపోతారని గదిలో పెట్టి తాళం వేసేవారు.

నేను పగలగొట్టిన ఆ ఆఫీసు తాళం ఇప్పుడు నా సంచిలో ఉంది.