గాలి కబుర్లు

ఆ గ్రంథాలయంలో జిగురక్కను ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. కింది అంతస్తులో మెట్ల వెనక ఉన్న బైండింగ్ గది ఆమెది. పొడుగాటి బల్ల, ఇనప ప్రెస్సు, జిగురు గిన్నె, మైనం పట్టించిన దారపు ఉండ. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోకి చిరిగి వెళ్ళిన పుస్తకం అతుక్కుని బయటికి వచ్చేది. చదవడం మాత్రం తక్కువే. “డాక్టరు రోగి బతుకు కథంతా వింటూ కూర్చుంటే వైద్యం చేసేదెప్పుడు?” అని నవ్వేది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ పై అంతస్తులో మూలగది ఖాళీ చేయించాడు. అందులో అరవై మూడు పాత కథల పుస్తకాలు బయటపడ్డాయి. అన్నీ చంద్రుడి మీదికీ, ఆ పైకీ ప్రయాణాలే.

“వీటిని తూకానికి వేసేద్దాం అక్కా.”

జిగురక్క ఒకటి తీసి వీపు నిమిరింది. కుట్టు ఎంత ముచ్చటగా ఉందంటే, పారేయడానికి చెయ్యి రాలేదు.

“ఏవి ఉంచాలో తేల్చడానికి నాలుగు నెలల్లో కమిటీ కూర్చుంటుంది కదండీ. అప్పటిదాకా నా గదిలో ఉండనివ్వండి.”

“ఉండనివ్వడానికి ఏముంది వాటిలో? ఒట్టి గాలి కబుర్లు!” అన్నాడాయన. కానీ కాదనలేదు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. అతను డ్యూటీలో ఉన్న సాయంత్రాలు ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారికి ఉబ్బసం, పైగా చూపు మందగించింది. కాలక్షేపానికి కోడలు ఒక పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టింది. అందులో ఒకాయన పెద్ద గాలిపటానికి ఉయ్యాల కట్టుకుని, తొమ్మిది రోజుల్లో చంద్రుడి మీద దిగుతాడు.

“ఆగాగు,” అంది అత్తగారు. “తొమ్మిది రోజులూ వాడు ఊపిరెట్లా పీల్చాడే?”

“మామూలుగానే అత్తయ్యా. పైన చల్లటి గాలి వీస్తోందట.”

“నాకు రెండో అంతస్తు ఎక్కితేనే గాలి చాలదు. వాడికి చంద్రుడి దాకా చాలిందా? మిగతావాళ్ళు ఏం రాశారో చూడు.”

కోడలు నవ్వేసి ఊరుకుందామనుకుంది. మర్నాడు బల్ల దగ్గర మరో పుస్తకం తెరిస్తే ఊరుకోలేకపోయింది. అందులో బెలూన్ ఎక్కినవాళ్ళు మబ్బులు దాటగానే ముక్కుకి తడిగుడ్డ కట్టుకున్నారు. ఇంకోదాంట్లో ఇనప గది తలుపులు బిగించుకుని సీసాల్లో గాలి పట్టుకెళ్ళారు, కానీ చంద్రుడి లోయల్లో దిగి హాయిగా పీల్చుకున్నారు. కాస్త ఈమధ్యవాటిలో అదీ లేదు. గాలి లేదు, చప్పుడు లేదు. ఒంటిమీది రబ్బరు తొడుగు చిరిగితే ప్రాణం పోయినట్టే.

అరవై మూడూ మరమ్మతు చేస్తూనే చదివింది. ఒక్కోదాంట్లో ‘గాలి ఇక్కడిదాకా’ అని, ఆ చోటు పేరు రాసి చీటీ పెట్టింది. అచ్చయిన సంవత్సరం ప్రకారం వరసగా పేర్చి చూస్తే ఒక తీరు కనబడింది. మొదట్లో ఆకాశం ఇంటి వసారాలాంటిది, ఎవరైనా చెప్పులేసుకుని బయల్దేరవచ్చు. వరసలో ముందుకు పోయేకొద్దీ గాలి పలచబడుతోంది. చివరికొచ్చేసరికి అంతా ఖాళీ. మనుషులు మాత్రం ప్రయాణం మానలేదు. ప్రతిసారీ ఇంకాస్త సామాను కట్టుకుని వెళ్తూనే ఉన్నారు.

కమిటీ రోజున ఆ పుస్తకాలు పొడుగాటి బల్ల మీద బారులు తీరాయి. ఐదుగురు సభ్యుల్లో ఒకావిడ ఖగోళశాస్త్రం చెప్పే లెక్చరర్. జిగురక్క మొదటి పుస్తకం తెరిచింది. చీటీ తర్వాత చీటీ చదువుతూ పోయింది. లైబ్రేరియన్ వాచీ చూసుకోవడం మానేసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“మరి ఆ మూల పెట్టిందేమిటి?” అడిగింది లెక్చరర్.

దాన్ని జిగురక్క వరసలో కలపలేకపోయింది. మొదటి పేజీ ఊడిపోయింది కాబట్టి సంవత్సరం తెలియదు. కథలో ఒక కుమ్మరి పెద్ద కాగులో కూర్చుని, మైనంతో మూత మూయించుకుని వెళ్తాడు. ఒక కొవ్వొత్తి వెలిగించి, లోపల గాలి ఇంకెంత ఉందో దాని మంటను బట్టి చూసుకుంటాడు. బయట పట్టపగలే ఆకాశం నల్లగా ఉంటుంది.

“ఇది చివరి వరసలోదే. పాతకాలంవాళ్ళకి ఇంత ఊహ ఎక్కడిది?” అంది లెక్చరర్.

“కాదేమోనండీ. ఈ కాగితం వెలుతురుకి పెట్టి చూడండి. జల్లెడ గీతలు కనిపిస్తున్నాయి, చేత్తో చేసిన కాగితం ఇది.”

“పాత కాగితం మీద కొత్తగా అచ్చేసి ఉండొచ్చుగా?”

మాట నిజమే. జిగురక్క అట్ట లోపలివైపు వేలితో నొక్కి చూసింది. అక్కడ మందం కాస్త ఎక్కువ. ఎవరో పాత కాగితం మీద ఇంకోటి అతికించారు.

“పావుగంట టైమివ్వండి. ఒక తడిగుడ్డ కావాలి.”

గుడ్డ గట్టిగా పిండి అట్ట లోపలివైపు పరిచింది. జిగురు మెత్తబడగానే బైండింగుకు వాడే ఎముక పుల్లతో అంచు లేపి, పైకాగితాన్ని ఉల్లిపొరలా ఒలిచింది. అడుగున గోధుమరంగు సిరాతో రెండు పంక్తులు: ‘చెల్లెలికి, పుట్టినరోజుకి. చదివి భయపడకు.’ కింద సంవత్సరం ఉంది. లెక్చరర్ అనుకున్నదానికి తొంభై ఏళ్ళ ముందుది.

లెక్చరర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. లేచి నిలబడింది.

“నేను పొరబడ్డాను. అందరూ గాలి పీలుస్తున్న రోజుల్లో ఒక్కడు మూత బిగించుకున్నాడన్నమాట! దీన్ని సరైన చోట పెట్టండి.”

జిగురక్క వరస మొదట్లో గాలిపటం పుస్తకం పక్కనే ఖాళీ చేసి కాగు పుస్తకాన్ని నిలబెట్టింది. ఐదుగురూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు లైబ్రేరియన్.

పుస్తకాలు తూకానికి పోలేదు. మూలగదికి సున్నం వేయించి, అద్దాల బీరువాలు పెట్టించి అక్కడే కొలువు తీర్చారు. జాబితాను చిన్న పుస్తకంగా అచ్చేస్తే రెండు నెలల్లో అయిపోయి, మళ్ళీ వేయాల్సి వచ్చింది. లెక్చరర్ తన క్లాసు మొత్తాన్ని తీసుకొచ్చి, పాఠం చెప్పమని జిగురక్కనే ముందుకు తోసింది. ఆమె అప్రాన్ విప్పకుండానే గంటసేపు మాట్లాడింది. తర్వాత పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఇంకో గంట కదలనివ్వలేదు.

చుట్టుపక్కల ఊళ్ళ గ్రంథాలయాలకూ కబురు పాకింది. ఆకాశం కథలు మా దగ్గరా ఉన్నాయంటూ మూటలు పంపడం మొదలుపెట్టారు. మొదటి వారమే నాలుగొచ్చాయి. జిగురక్క చేతులు కడుక్కుని, మొదటి మూట ముడి విప్పింది.